క్రిమినల్ డిఫెన్సు నుంచి తప్పుడు శిక్షల పరిశీలన వైపు: జిల్లా కోర్టు వకీలుకు దారి ఎటు?

కావలి_జూనియర్

సభ్యులందరికీ నమస్కారం. నేను నెల్లూరు వి.ఆర్. లా కాలేజీలో చదివి, ఆరేళ్ళుగా కావలి, నెల్లూరు కోర్టుల్లో క్రిమినల్ కేసులు చేస్తున్నాను. మొదటి మూడేళ్ళు సీనియర్ గారి దగ్గర బెయిలు పిటిషన్లు రాయడంతో, వాయిదాలు తీసుకోవడంతో గడిచాయి. ఆ తర్వాత సెషన్సు కేసుల్లో సాక్షులను స్వయంగా క్రాస్ (ఎదురు ప్రశ్నలు వేసి పరీక్షించడం) చేసే అవకాశం దొరికింది.

రెండు నెలల క్రితం చెముడుగుంట కేంద్ర కారాగారంలో నా క్లయింటును కలవడానికి వెళ్ళినప్పుడు, పక్కనే ఉన్న ఒక జీవిత ఖైదీ పాలిథీన్ సంచిలోంచి తన తీర్పు కాపీ తీసి, ఇందులో ఏముందో చదివి చెప్పమని అడిగారు. నలభై పైచిలుకు పేజీల ఇంగ్లీషు తీర్పు అది. ఎనిమిదేళ్ళుగా దాచుకున్నందువల్ల మడతలు పడిన చోట అక్షరాలు చెరిగిపోయాయి. ఒక పేరా కింద పెన్సిలు గీత ఉంది. ఎవరు గీశారని అడిగితే, ఇంతకు ముందు ఒక వకీలు గారు చదివి గీశారని, ఆయన మళ్ళీ రాలేదని చెప్పారు. ములాఖత్ సమయంలో చదవగలిగినంత చదివాను. ఇద్దరినీ చివరిసారి కలిసి చూశానన్న ఒక్క సాక్షి మీద, వీఆర్వో ముందు నేరం ఒప్పుకున్నాడన్న మాట మీద, ఒక కత్తి రికవరీ మీద ఆ కేసంతా నిలబడి ఉంది.

అప్పటి నుంచి నాకు మిగతా పనుల మీద మనసు నిలవడం లేదు. తప్పుగా శిక్ష పడిన వాళ్ళ కేసులను తిరగదోడి పరిశీలించడం అనే పని మన దేశంలో ఒక వృత్తిగా ఉందా? ప్రాక్టీసు మానేసి ఢిల్లీ వెళ్ళి ఎల్ఎల్ఎం చేయాలా? ఇంటి అద్దె, పిల్లవాడి బడి ఫీజు కట్టుకుంటూ ఈ పని చేయడం సాధ్యమేనా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

పినాకిని_తీరం

మీ ప్రశ్న నన్ను ఇరవై ఏళ్ళు వెనక్కి తీసుకుపోయింది. కొంచెం పొడుగ్గా రాస్తున్నందుకు మన్నించాలి.

నేను 1991లో నెల్లూరు బార్‌లో చేరాను. పన్నెండేళ్ళకు నాకంటూ కొంత పేరు వచ్చింది. ఆ రోజుల్లోనే సముద్రం వైపు ఒక ఊళ్ళో రొయ్యల గుంట కాపలాదారు హత్య కేసులో ముద్దాయి తరఫున వకాలత్ వేశాను. ముద్దాయి యానాది యువకుడు, గుంటల మీద కూలిపని చేసేవాడు. అరెస్టు చేశామని, నేరం ఒప్పుకున్నాడని, సరుగుడు తోటలో ఇసుక కింద దాచిన కత్తి తీసి చూపించాడని మధ్యవర్తుల (పోలీసులు సాక్షులుగా పిలిచిన ఇద్దరి) నివేదిక. నేను ప్రత్యక్ష సాక్షి అనే మనిషి మీదనే నా బలమంతా పెట్టి, గంటన్నర సేపు క్రాస్ చేసి, బయటికి వచ్చాక తోటి వకీళ్ళు మెచ్చుకుంటే పొంగిపోయాను. యావజ్జీవం పడింది.

హైదరాబాదులో హైకోర్టు ఆరేళ్ళ తర్వాత అతన్ని నిర్దోషిగా వదిలింది. తీర్పు తెప్పించుకుని చదివితే, అప్పీలు గెలిచింది నేను మెచ్చుకోలు పొందిన ఆ క్రాస్ మీద కాదు. కత్తిని కోర్టుకు పంపిన ఫారం 95 మీద తేదీ, కత్తి దొరికిందని మధ్యవర్తుల నివేదికలో రాసిన తేదీ కంటే ఒక రోజు ముందుంది. దొరకని కత్తి కోర్టుకు ఎలా పంపారు? ఆ కాగితం విచారణ జరిగినన్నాళ్ళూ రికార్డులోనే ఉంది. నేను చూడలేదు, దర్యాప్తు అధికారిని ఆ ప్రశ్న అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న వేయనందుకు ఒక మనిషి వయసులో ఆరేళ్ళు పోయాయి.

విడుదలయ్యాక అతను నా ఆఫీసుకు వచ్చి అడిగింది ఒక్కటే: "సార్, ఆ కత్తి మా నాయనది, ఇంట్లో చూరులో ఉన్నదాన్ని తీసుకుపోయినారు, కోర్టు నుంచి ఇప్పించండి." కనుక్కుంటే దాన్ని అప్పటికే నాశనం చేశారని తెలిసింది.

ఆ తర్వాత నేను ఏ కేసు ఒప్పుకున్నా ముందు తేదీలు, వేళలు ఒక కాగితం మీద వరుసగా రాసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఎఫ్ఐఆర్ నమోదైన వేళ, అది మేజిస్ట్రేటుకు అందినట్టు ఆయన స్వహస్తాలతో రాసిన వేళ, శవపంచనామా వేళ, పోస్టుమార్టం వేళ, అరెస్టు వేళ, వస్తువులు కోర్టుకు చేరిన తేదీ, అక్కడి నుంచి ప్రయోగశాలకు వెళ్ళిన తేదీ. ఆ తర్వాతే సాక్షుల వాంగ్మూలాలు. ఇలా చదవడం వచ్చాక, నాకు తెలిసిన వాళ్ళు పాత కేసుల కట్టలు తెచ్చి చూడమని అడగడం మొదలుపెట్టారు. నేను ఎక్కడా దరఖాస్తు పెట్టలేదు, ఎవరూ నియమించలేదు.

కాబట్టి మొదటి ప్రశ్నకు నా జవాబు: ఆ పేరుతో ఉద్యోగం మన జిల్లాల్లో లేదు, పని మాత్రం ఉంది. రెండో ప్రశ్నకు: కింది కోర్టు వదలకండి. మధ్యవర్తుల నివేదిక ఎక్కడ కూర్చుని రాస్తారో, ఇద్దరు మధ్యవర్తుల్లో ఒకరు అదే స్టేషన్ కేసుల్లో ఎన్నిసార్లు సంతకం పెట్టారో, సాక్షిని వాయిదా రోజు పొద్దున ఎవరు తీసుకువస్తారో పుస్తకంలో దొరకదు. ఆరేళ్ళు చాలవు, ఇంకో నాలుగేళ్ళు విచారణలు చేయండి. పరిశీలన కూడా ఈ రోజు నుంచే మొదలుపెట్టండి. రెండూ కలిసి నడవాలి.

డబ్బు గురించి నిజం చెప్తాను. నా ఇల్లు మోటారు ప్రమాద నష్టపరిహారం కేసుల మీద, చెక్ బౌన్స్ కేసుల మీద నడిచింది. శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం రాత్రి దాకా పాత కట్టలు చదివేవాణ్ణి. ఇంట్లో వాళ్ళకు ముందే చెప్పి ఒప్పించుకోవాలి.

నకళ్ళ_విభాగం

నేను వకీలును కాను. ముప్పై రెండేళ్ళు జిల్లా కోర్టుల్లో పనిచేసి, అందులో తొమ్మిదేళ్ళు నకళ్ళ విభాగంలో, నాలుగేళ్ళు ప్రాపర్టీ గదిలో (కేసుల వస్తువులు ఉంచే గది) ఉండి రిటైరయ్యాను. పినాకిని గారు చెప్పిన కత్తి సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

సెషన్సు తీర్పుల చివరి పేరా వకీళ్ళు చాలామంది చదవరు. ఎం.ఓ. (కేసులో ఆధారంగా గుర్తించిన వస్తువు) 1 నుంచి ఫలానా దాకా ఉన్న వస్తువులను అప్పీలు గడువు తీరాక నాశనం చేయవలెనని అందులో ఉంటుంది. అప్పీలు వేశారన్న కబురు హైకోర్టు నుంచి సకాలంలో రాకపోయినా, వచ్చింది ప్రాపర్టీ గుమాస్తా దాకా చేరకపోయినా, గడువు కాగానే ఆయన జాబితా రాసి అనుమతి తీసుకుని పని పూర్తి చేస్తాడు. అది ఆయన తప్పు కాదు, ఆయనకు ఉన్న ఉత్తర్వు అది. రక్తం మరక ఉన్న చొక్కా, వెంట్రుకలు, చేతి రుమాలు అన్నీ అలాగే పోతాయి. అమెరికాలో పాతికేళ్ళ నాటి నమూనాను మళ్ళీ పరీక్షించి ఖైదీని విడుదల చేశారని పేపర్లో చదివినప్పుడల్లా, మన దగ్గర ఆ నమూనా ఎక్కడుందని నాకు అనిపించేది.

కాబట్టి శిక్ష పడిన రోజే, అప్పీలు వేయబోతున్నామని, వస్తువులను భద్రపరచాలని కోరుతూ ఆ కోర్టులోనే ఒక మెమో దాఖలు చేయండి. ఒక్క పేజీ చాలు. నా సర్వీసులో అలా మెమో వేసిన వకీళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

భద్రత అంటే పోగొట్టుకోకపోవడం కూడా. 2022 ఏప్రిల్‌లో నెల్లూరు కోర్టు నుంచే ఒక కేసు ఆధారాలున్న సంచీ దొంగతనానికి గురై, చివరికి హైకోర్టు ఆ దర్యాప్తును సిబిఐకి అప్పగించింది.

రికార్డు నకలు అడిగేటప్పుడు "మొత్తం రికార్డు కావాలి" అని రాయకండి, దరఖాస్తు తిరిగి వస్తుంది. ఎస్.సి. (సెషన్సు కేసు) నంబరు, తీర్పు తేదీ, కావలసిన పత్రాల ఎగ్జిబిట్ గుర్తులు ఒక్కొక్కటిగా రాయండి. ఎగ్జిబిట్ గుర్తు వేయని కాగితాలు కూడా రికార్డులో ఉంటాయి. ఫారం 95, ప్రయోగశాలకు పంపిన ఉత్తరం, రిమాండ్ రిపోర్టు, డైరీ నోట్లు తరచుగా అలాంటివే. వాటి పేర్లు రాసి విడిగా అడగాలి.

ఒంగోలు_డిఫెన్సు

తమ్ముడూ, నేను ఒంగోలులో న్యాయ సేవల అధికార సంస్థ తరఫున లీగల్ ఎయిడ్ డిఫెన్సు కౌన్సిల్ వ్యవస్థలో పనిచేస్తున్నాను. జాతీయ న్యాయ సేవల సంస్థ 2022లో తెచ్చిన ఈ పథకంలో ప్రధాన న్యాయవాదికి కనీసం పదేళ్ళు, డిప్యూటీకి ఏడేళ్ళు క్రిమినల్ ప్రాక్టీసు ఉండాలి. సహాయకులుగా మూడేళ్ళ లోపు వాళ్ళను కూడా తీసుకుంటారు. మీకు ఆరేళ్ళు కాబట్టి వచ్చే ఏడాది డిప్యూటీ స్థానానికి ప్రయత్నించవచ్చు. పూర్తికాలపు పని ఇది, ప్రైవేటు కేసులు చేయకూడదు, జీతం పెద్దది కాదు, కాంట్రాక్టు పద్ధతి. అయినా జైలు తలుపు మీకు ప్రతివారం తెరుచుకుంటుంది, పేదవాళ్ళ కేసులు మొదటి రోజు నుంచీ మీ చేతిలో ఉంటాయి.

జైలులో నేను మొదట అడిగేది మూడే ప్రశ్నలు. తీర్పు కాపీ ఉందా? అప్పీలు వేశారా, వేస్తే నంబరు ఎంత? విచారణలో మీ వకీలు మీతో ఎన్నిసార్లు మాట్లాడారు? నేరం చేశారా అని అడగను, ఆ ప్రశ్నకు వచ్చే జవాబుతో నాకు పని మొదలవ్వదు. చాలామంది "అప్పీలు వేసినామని మా వాళ్ళు చెప్పినారు" అంటారు. ఈ-కోర్టుల వెబ్‌సైటులో వెతికితే కొన్నిసార్లు ఏమీ ఉండదు. శిక్ష పడిన వెంటనే తీర్పు నకలు ఉచితంగా ఇవ్వాలని చట్టం ఉంది. జైలు అధికారి ద్వారానే అప్పీలు పంపుకునే వీలూ ఉంది. పాత నేర విచారణ స్మృతిలో 383వ సెక్షన్, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 424. ఇవేవీ తెలియని మనిషి ఎనిమిదేళ్ళు తీర్పును సంచిలో పెట్టుకు తిరుగుతాడు. మీరు కలిసిన ఆయన అప్పీలు సంగతి ముందు తేల్చుకోండి.

వీఆర్వో ముందు ఒప్పుకోలు అన్నారు కాబట్టి ఇది కూడా చెప్తాను. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు చెల్లదు కనుక, మన జిల్లాల్లో చాలా కేసుల్లో ముద్దాయి తనంతట తాను వీఆర్వో దగ్గరికి వెళ్ళి నేరం చెప్పుకున్నాడని, ఆయన రాసుకుని స్టేషనుకు తీసుకువెళ్ళాడని చూపిస్తారు. వాంగ్మూలంలో వెతకవలసింది ఇది: ఆ ఇద్దరికీ ముందు పరిచయం ఉందా, ఇతర ఊరి మనిషి ఈ వీఆర్వోనే ఎందుకు నమ్మాడు, రాసిన కాగితం మీద వేళ ఉందా, ఆ వేళకు ముద్దాయి అప్పటికే స్టేషనులో ఉన్నాడా.

కత్తి రికవరీ విషయంలో పులుకూరి కోటయ్య తీర్పు ఒకసారి పూర్తిగా చదవండి. 1946 డిసెంబరులో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో లండన్‌లోని చివరి అప్పీలు కోర్టు) చెప్పిన ఆ తీర్పు గుంటూరు సెషన్సు కోర్టు నుంచి లండన్ దాకా వెళ్ళిన మన పల్లెటూరి కేసులోదే. బరిసెను, కర్రను గడ్డివామిలో దాచానని, వస్తే చూపిస్తానని ముద్దాయి చెప్పిన మాట అందులో ఉంది. దాచిన చోటు అతనికి తెలుసునన్నంత వరకే ఆ మాట సాక్ష్యం. దానితో పొడిచానన్న మాట సాక్ష్యంగా పనికిరాదు. ఇవాళ్టికీ ఎన్నో తీర్పుల్లో ఈ రెండింటినీ కలిపేస్తున్నారు.

విశ్రాంత_ప్రాసిక్యూటర్

పై వారందరి మీదా గౌరవంతోనే ఒక అభ్యంతరం చెప్పదలచుకున్నాను. ఇరవై ఆరేళ్ళు ప్రాసిక్యూషన్ పక్షాన నిలబడ్డాను. సాక్షులు ఎదురుతిరగడం వల్ల, ఊరి పెద్దలు రాజీ చేయడం వల్ల, నా కళ్ళ ముందే నేరం చేసిన వాళ్ళు నవ్వుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. చనిపోయిన వాడి తల్లి ఆ మెట్ల మీదే కూర్చుండిపోయేది. జైలుకు వెళ్ళి అడిగితే ప్రతివాడూ నిరపరాధినే అంటాడు. విచారణ అయి, అప్పీలు అయి, పైకోర్టు అయి ముగిసిన కేసును మళ్ళీ తవ్వడం మొదలుపెడితే, ఆ తల్లికి ముగింపు ఎప్పుడు? యువ న్యాయవాది గారు ఉత్సాహంలో ఈ సంగతి మరిచిపోకూడదని నా కోరిక.

పినాకిని_తీరం

మీ మాటలోని బాధ నాకు తెలుసు, మీ ఎదుట నిలబడి వాదించిన వాళ్ళలో నాలాంటి వాళ్ళు ఉన్నారు. అయినా ఆ తల్లి ప్రశ్నకు మన రాష్ట్రంలోనే ఒక జవాబు ఉంది. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. 2010లో ఒక దళిత యువకుడికి శిక్ష పడింది. ఇతను దోషి కాదని మొదటి నుంచీ గట్టిగా చెప్పింది ఆ అమ్మాయి తల్లే. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసి, లక్ష రూపాయలు పరిహారం ఇవ్వమంది. తర్వాత దర్యాప్తును సిబిఐకి అప్పగించారు. తప్పు మనిషికి శిక్ష వేసిన రోజున ఆ తల్లికి ముగింపు దొరకలేదు, అసలు మనిషిని వెతకడం ఆగిపోయింది.

ఇక ఏ కేసు తీసుకోవాలో ఎంచుకునే జల్లెడ సంగతి. నా దగ్గరికి వచ్చే కట్టల్లో ఎక్కువ భాగం చదివి తిరిగి ఇచ్చేస్తాను. పగటి వేళ పదిమంది చూసిన నేరంలో, చూసినవాళ్ళకు అబద్ధం చెప్పే అవసరం లేనప్పుడు, నేను చేయగలిగింది శిక్ష తగ్గింపు మాత్రమే. కేసు కేవలం పరిస్థితుల సాక్ష్యం మీద నిలబడితే 1984 నాటి శరద్ సార్డా తీర్పులోని ఐదు సూత్రాలను పక్కన పెట్టుకుని చదువుతాను. ప్రతి పరిస్థితీ విడిగా రుజువైందా, అన్నీ కలిపితే ముద్దాయి దోషి అన్న ఒక్క ముగింపు తప్ప వేరే దారి లేకుండా గొలుసు పూర్తయిందా అని చూస్తాను. ఒక కొక్కెం ఊడినా ఆ కట్టను పని చేయడానికి నా దగ్గరే ఉంచుకుంటాను.

ఇందుకూరుపేట_వాసి

నాకు చట్టం తెలియదు. మా చిన్నాన్న ఒక కేసులో ఏడేళ్ళు శిక్ష అనుభవించి, పై కోర్టులో నిర్దోషిగా బయటికి వచ్చారు. ప్రాసిక్యూటర్ గారు ముగింపు గురించి రాసినందువల్ల చెప్తున్నాను. ఆయన వచ్చేసరికి మా నాయనమ్మ లేరు. పొలం వకీళ్ళకు, ప్రయాణాలకు పోయింది. నిర్దోషి అని కోర్టు రాసిన కాగితాన్ని మా నాన్న జిరాక్సులు తీయించి మా వీధిలో ప్రతి ఇంటికీ తీసుకెళ్ళి చూపించారు. కొందరు తీసుకున్నారు, కొందరు గడపలోనే నిలబడి తల ఊపి తలుపు వేసుకున్నారు. ప్రభుత్వం నుంచి ఒక్క రూపాయి రాలేదు. మా తరఫున పైకోర్టులో వాదించిన వకీలు గారు ఫీజు అడగలేదు, ఆయన పేరు మా ఇంట్లో దేవుడి పటం దగ్గర రాసి ఉంది. జూనియర్ గారు ఈ పని వదలవద్దు.

విశ్రాంత_ప్రాసిక్యూటర్

ఇందుకూరుపేట వారు రాసింది రెండుసార్లు చదివాను. నేను అడిగిన ప్రశ్నను వెనక్కి తీసుకోను, అయితే నా అనుభవంలో నుంచి ఒకటి కలుపుతాను. ముద్దాయికి అనుకూలంగా ఉన్న వాంగ్మూలాన్ని సాక్షుల జాబితాలోంచి తీసేసి చార్జిషీటు వేసిన సందర్భాలు నేను చూశాను, కొన్నింటిలో నేను మాట్లాడకుండా ఉన్నాను. ప్రాసిక్యూటర్ పని శిక్ష వేయించడం కాదు, ఉన్నదంతా కోర్టు ముందు పెట్టడం. జూనియర్ గారు కేసు కట్ట చూసేటప్పుడు, దర్యాప్తులో ఎంతమందిని విచారించారు, చార్జిషీటులో ఎంతమందిని చూపారు, కోర్టులో ఎంతమందిని పిలిచారు అన్న మూడు అంకెలను పక్కపక్కన రాసుకోవాలి. ఆ తేడాలో ఉన్న మనుషుల దగ్గరికి వెళ్ళండి.

చట్టం_బోధకుడు

చదువు గురించి, పైకోర్టు దారుల గురించి కొంత చెప్తాను. ఈ రంగానికి పేరు తెచ్చిన సంస్థ న్యూయార్కులోని ఇన్నోసెన్స్ ప్రాజెక్టు. బారీ షెక్, పీటర్ న్యూఫెల్డ్ అనే ఇద్దరు డిఫెన్సు న్యాయవాదులు 1992లో ఒక లా కాలేజీలో క్లినిక్‌గా దాన్ని మొదలుపెట్టారు. ఇంగ్లండులో 1995 చట్టం కింద ఏర్పడి 1997లో పని మొదలుపెట్టిన ఒక ప్రత్యేక కమిషన్ ఉంది. అప్పీళ్ళన్నీ ముగిసిన కేసును అది స్వయంగా పరిశోధించి మళ్ళీ అప్పీలు కోర్టుకు పంపగలదు. మన దేశంలో అలాంటి కమిషన్ లేదు. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో మొదలైన ప్రాజెక్టు 39ఎ మరణశిక్ష ఖైదీల కేసుల మీద చేసిన పని మనకు దగ్గరి ఉదాహరణ.

ఉన్న దారులు ఇరుకైనవే. అప్పీలు దశలో అదనపు సాక్ష్యం తీసుకోమని పాత 391, ఇప్పటి 432 సెక్షన్ కింద అడగవచ్చు. సుప్రీంకోర్టు దాకా ఓడిపోయాక రివ్యూ (అదే కోర్టు తన తీర్పును మళ్ళీ చూడడం), ఆ తర్వాత 2002లో రూపా హుర్రా తీర్పు తెరిచిన క్యూరేటివ్ పిటిషన్ (రివ్యూ కూడా పోయాక వేసేది) మిగులుతాయి. అవి కూడా కాకపోతే రాజ్యాంగంలోని 72, 161 అధికరణాల కింద క్షమాభిక్ష. రివ్యూలో గెలవడం అసాధ్యమని చాలామంది అనుకుంటారు. అంకుశ్ మారుతి షిండే కేసు చూడండి. మహారాష్ట్రలో సంచార జాతికి చెందిన ఆరుగురికి 2009లో సుప్రీంకోర్టే మరణశిక్ష ఖాయం చేసింది. 2019 మార్చి 5న అదే కోర్టు ఆ ఆరుగురినీ నిర్దోషులని చెప్పి, ఒక్కొక్కరికి ఐదు లక్షల రూపాయలు ఇవ్వమంది. వాళ్ళు పదహారేళ్ళు జైల్లో ఉన్నారు.

ఈ కేసును నేను మన జిల్లా విద్యార్థులకు ప్రత్యేకంగా చెప్తాను. 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టాల కింద మొత్తం కులాలకే నేరం అంటగట్టిన చరిత్ర మనకు దూరం కాదు, బిట్రగుంట దగ్గర కప్పరాళ్ళతిప్పలో ఆ కాలపు సెటిల్‌మెంటు నడిచింది. చట్టం 1952లో పోయింది. దొంగతనం జరగగానే ముందు ఎవరి గుడిసె దగ్గరికి జీపు వెళ్తుందో చూస్తే, ఆ అలవాటు ఎంత మిగిలిందో తెలుస్తుంది.

వకీలు బలహీనంగా ఉన్నందువల్ల పడే శిక్షల గురించి అనోఖీలాల్ తీర్పు చదవండి. న్యాయ సహాయం కింద వకీలును నియమించిన రోజే అభియోగాలు ఖరారు చేసి, రెండు వారాల్లోపే విచారణ ముగించి మరణశిక్ష వేశారు. 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేస్తూ, ఇలాంటి తీవ్రమైన కేసుల్లో పదేళ్ళ అనుభవం ఉన్నవారినే నియమించాలని, సిద్ధపడడానికి కనీసం వారం గడువు ఇవ్వాలని చెప్పింది. డిఎన్ఎ నమూనాల భద్రత గురించి అయితే 2025 జూలై 15 నాటి కట్టవెల్లై తీర్పు ఉంది. నమూనా 48 గంటల్లో ప్రయోగశాలకు చేరాలని, అది ఎవరెవరి చేతులు మారిందో రిజిస్టరు ఉండాలని అందులో మార్గదర్శకాలు ఇచ్చారు. అన్యాయంగా జైలు అనుభవించిన వారికి పరిహారం మీద లా కమిషన్ 2018లో 277వ నివేదిక ఇచ్చింది, చట్టం మాత్రం రాలేదు. ఇందుకూరుపేట వారి చిన్నాన్న గారికి రూపాయి రాకపోవడానికి కారణం అదే.

ఎల్ఎల్ఎం మంచిదే, ఇప్పుడే అవసరం లేదు. మీ చేతిలో ఒక కట్ట ఉంది, ముందు దాన్ని చదవండి.

కావలి_జూనియర్

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. మూడు వారాల్లో జరిగింది చెప్తాను.

ఒంగోలు మేడమ్ చెప్పినట్టు ముందు అప్పీలు వెతికాను. లేదు. కుటుంబం ఇచ్చిన డబ్బు ఎవరికి చేరిందో తెలియదు, దాని జోలికి నేను వెళ్ళడం లేదు. హైకోర్టుకు అప్పీలు గడువు అరవై రోజులు. ఎనిమిదేళ్ళు దాటింది కాబట్టి ఆలస్యాన్ని మన్నించమని పరిమితి చట్టం 5వ సెక్షన్ కింద పిటిషన్ కలిపి వేయాలి. జైలు అధికారుల ద్వారా ఆ ఖైదీ సంతకంతో వకాలత్ తీసుకున్నాను. హైకోర్టు న్యాయ సేవల కమిటీకి రాశాను.

విచారణ చేసిన వకీలు గారి ఇంటికి వెళ్ళాను. ఆయనకు ఇప్పుడు డెబ్బై ఆరేళ్ళు. తప్పు పట్టడానికి వచ్చానని అనుకుంటారేమో అని భయపడ్డాను. ఆయన అటక మీద నుంచి కట్ట దింపించి, తానే దుమ్ము దులిపి ఇచ్చి, "ఆ పెన్సిలు గీత నాదే, అప్పీలులో వాదించమని గీశాను" అన్నారు. అప్పీలే పడలేదని నేను చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు.

కట్టలో తెలుగులో ఉన్న పోలీసు వాంగ్మూలం, కోర్టులో ఇంగ్లీషులో రికార్డయిన సాక్ష్యం పక్కపక్కన పెట్టి చదివాను. చివరిసారి కలిసి చూశానన్న సాక్షి పోలీసులకు చెప్పింది "పొద్దు గూకేటప్పుడు" అని. కోర్టులో అది రాత్రి అని నమోదైంది. పోస్టుమార్టం ప్రకారం మరణం అర్ధరాత్రి ప్రాంతంలో. సూర్యాస్తమయానికి, అర్ధరాత్రికి మధ్య ఐదారు గంటలు ఉన్నాయి. రాత్రి అని రాసేసరికి ఆ ఎడం కనిపించకుండా పోయింది.

పినాకిని_తీరం

ఆ సాక్షి కోర్టులో ఏ మాట వాడాడో మీకు తెలియదు, కాబట్టి అనువాదంలో తప్పు జరిగిందని ఇప్పుడే రాయకండి. అతను "పొద్దుపోయాక" అని ఉండవచ్చు, అప్పుడు కోర్టు రాసింది సరైనదే అవుతుంది, తేడా సాక్షి మాటలోనే ఉన్నట్టు. ఆ తేడాను క్రాస్‌లో దర్యాప్తు అధికారి ద్వారా రుజువు చేశారా అని చూడండి. చేయకపోతే అప్పీలులో దాన్ని నేరుగా వాడుకోవడం కష్టం. అప్పుడు మన బలం కాగితాల వేళల మీదకు మారాలి. ఎఫ్ఐఆర్ మేజిస్ట్రేటుకు ఎప్పుడు అందింది?

కావలి_జూనియర్

మీరు చెప్పింది నిజం సార్, తొందరపడ్డాను. దర్యాప్తు అధికారిని ఆ తేడా అడగలేదు. ఎఫ్ఐఆర్ ఉదయం ఏడు గంటలకు నమోదైనట్టు ఉంది, మేజిస్ట్రేటు గారి చేతిరాత మరుసటి రోజు సాయంత్రం అని ఉంది. స్టేషనుకు, ఆ కోర్టుకు మధ్య దూరం పన్నెండు కిలోమీటర్లు. ఆలస్యానికి కారణం రికార్డులో ఎక్కడా కనిపించలేదు.

ఒంగోలు_డిఫెన్సు

అది గట్టి చోటు. ఆలస్యం ఒక్కదానితో కేసు పోదు, అయినా ఆ మధ్యకాలంలో ముద్దాయి పేరు ఎప్పుడు పుట్టిందో అడగడానికి అది వీలిస్తుంది. శవపంచనామాలో ముద్దాయి పేరు ఉందా చూడు తమ్ముడూ.

కావలి_జూనియర్

లేదు మేడమ్. "గుర్తు తెలియని వ్యక్తులు" అని ఉంది. ఎఫ్ఐఆర్‌లో మాత్రం పేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ ఉన్నాయి. నకళ్ళ విభాగం వారు చెప్పిన పద్ధతిలో ఫారం 95, రిమాండ్ రిపోర్టు, వీఆర్వో వాంగ్మూలం పేర్లు రాసి దరఖాస్తు పెట్టాను. మొదటి రెండింటికి రికార్డు వెతకాలన్నారు. వీఆర్వో వాంగ్మూలం నకలు బుధవారం ఇస్తామన్నారు. గురువారం చెముడుగుంట వెళ్ళి, ఆ ఖైదీ పక్కన కూర్చుని తీర్పు మొదటి పేజీ నుంచి తెలుగులో చదివి వినిపిస్తానని కబురు పంపాను.